సర్కారు బడిలో ప్రపంచ మతాల పాఠం: ఎలా చెప్పాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది

"సార్, మతాల పాఠం దగ్గరికి వచ్చాను. పైపైన చదివించి ముందుకు పోనా?"

కొత్తగా డీఎస్సీలో వచ్చిన సోషల్ టీచర్లు కాంప్లెక్స్ మీటింగుల్లో, ఫోన్లలో నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఆ ప్రశ్న వెనక టెన్షన్ నాకు తెలుసు. ఎవరైనా వీడియో తీసి పెడితే? ఊళ్ళోంచి నలుగురు వచ్చి నిలదీస్తే? క్లాసులో ఉన్న ఒక్క ముస్లిం పిల్ల, ఒక్క క్రైస్తవ పిల్లవాడు నొచ్చుకుంటే?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల జడ్పీ హైస్కూళ్ళలో ఈ పాఠాలు ఏళ్ళ తరబడి చెప్పాను. పైపైన చదివించి వదిలేస్తే పిల్లలు మిగిలింది ఫోన్లో వెతుక్కుంటారు. అక్కడ వాళ్ళకు దొరికేది ఎలా ఉంటుందో మీకూ తెలుసు. అందుకే వదిలేయకండి, చెప్పండి. కిందిది నేను చేసే పద్ధతి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పనికొస్తుంది.

కావాల్సినవి

- ఆరు పీరియడ్లు. ఒక వారంలో వరసగా అయితే మంచిది.
- మీ తరగతి సాంఘికశాస్త్రం పుస్తకం. ప్రాచీన కాలపు మతాలు, భక్తి మార్గం, గ్రామదేవతల పాఠాలు ఏ పేజీల్లో ఉన్నాయో గుర్తు పెట్టుకోండి.
- ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మ్యాపు. దొరక్కపోతే చార్టు మీద పిల్లలతోనే గీయించండి.
- తిథులు, హిజ్రీ తేదీలు రెండూ ఉన్న గోడ క్యాలెండర్లు, మూడేళ్ళవి. పాతవి ఎవరింట్లోనైనా ఉంటాయి.
- మూతకు చీలిక పెట్టిన చాక్‌పీస్ డబ్బా. ఇది ప్రశ్నల డబ్బా.
- రాజ్యాంగంలోని 25, 28, 51ఎ అధికరణాలు రాసిన ఒక కాగితం. ఇది పిల్లలకు కాదు, మీకు.

1. ముందు చట్టం చదవండి, పది నిమిషాలు చాలు

28వ అధికరణం మొదటి క్లాజు ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. మూడో క్లాజు ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడులకూ వర్తిస్తుంది. పెద్దల సమ్మతి లేకుండా ఏ పిల్లవాణ్ణీ మతబోధలోగానీ ఆరాధనలోగానీ పాల్గొనమని చెప్పకూడదు.

మరి మనం చేసేది ఏమిటి? మతబోధ వేరు, మతాల గురించి చదువు వేరు. గురు నానక్ జీవితాన్ని, బోధనలను చదువుగా అధ్యయనం చేయడం మతబోధ కిందికి రాదని సుప్రీంకోర్టు 1971లో డీఏవీ కాలేజీ కేసులో చెప్పింది. బడిలో మతాల గురించి చదువుకోవడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2002లో అరుణా రాయ్ కేసులో తీర్పు ఇచ్చింది. శాస్త్రీయ దృక్పథం, మత భేదాలకు అతీతమైన సోదరభావం పౌరుల బాధ్యతలని 51ఎ చెబుతుంది. ఎవరైనా అడిగితే ఈ మూడు మాటలు చాలు.

హెచ్ఎంకు ముందే చెప్పండి. పాఠ్యప్రణాళికలో పుస్తకం పేజీ నంబరుతో సహా రాసి సంతకం తీసుకోండి. సంతకం లేకుండా మొదలుపెట్టవద్దు.

2. తల్లిదండ్రులకు చెప్పండి

పాఠం మొదలయ్యే ముందు బడి కమిటీ మీటింగులో రెండు నిమిషాలు మాట్లాడండి. నేను ఇలా చెబుతాను: "అమ్మా, అన్నా, వచ్చే వారం పిల్లలకు సోషల్‌లో అన్ని మతాల గురించి పాఠం ఉంది. ఎవరి దేవుణ్ణీ మొక్కమని చెప్పం, ఎవరి దేవుణ్ణీ తక్కువ చేయం. పరీక్షలో వస్తుంది. మీకు వినాలని ఉంటే వచ్చి వెనక బెంచీలో కూర్చోండి."

ఆ చివరి మాట నిజంగానే అనండి. నా అనుభవంలో వచ్చినవాళ్ళు తక్కువ. కానీ తలుపు తెరిచే ఉందని తెలిస్తే సగం అనుమానం పోతుంది. కూలికి పోయి మీటింగుకు రాలేని తల్లులకు పిల్లల నోటుబుక్కులో నాలుగు లైన్లు రాయించి పంపండి.

డిసెంబరు చివరి వారం, వినాయక చవితి రోజులు, ఎన్నికల సమయం ఈ పాఠానికి పెట్టుకోకండి. పండుగ వేడిలో ఏ మాటకైనా వేరే అర్థం వస్తుంది.

3. ఎవరి మతం ఏమిటని క్లాసులో అడగవద్దు

దీన్ని విడిగా ఒక మెట్టుగా రాయడానికి కారణం నేను చేసిన తప్పే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిలో, ఏడో తరగతిలో ఉన్న ఒకే ఒక్క ముస్లిం అమ్మాయిని లేపి "మీ రోజా గురించి చెప్పమ్మా" అన్నాను. గౌరవం ఇస్తున్నాననుకున్నాను. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. నలభై మంది తిరిగి చూశారు. పన్నెండేళ్ళ పిల్ల నెత్తిన ఒక మతం మొత్తాన్ని పెట్టానని ఇంటికి పోయాక అర్థమైంది. మర్నాడు తనను పిలిచి సారీ చెప్పాను. ఆ తల వంచుకున్న తీరు మాత్రం ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది, మన జిల్లాల్లో చాలా ముఖ్యం. రికార్డుల్లో హిందూ ఎస్సీ అని ఉండి ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబాలు మన ఊళ్ళలో ఉన్నాయి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మొదట దాదాపు హిందువులకే వర్తించేది. సిక్కులందరినీ 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. అంటే మీరు సరదాగా అడిగిన "మీరు చర్చికి పోతరా?" అన్న ప్రశ్న ఆ ఇంటి సర్టిఫికెట్ దాకా పోగలదు. అడగవద్దు. పిల్లలు తమంతట తాము చెబితే వినండి, రాసుకోకండి.

4. వాక్యం చివర సరిచూసుకోండి

పద్ధతి మొత్తంలో అసలు పని ఇక్కడే. మిగతా మెట్లలో ఏదైనా తప్పినా సర్దుకోవచ్చు, ఇది తప్పితే పాఠం మొత్తం తప్పుతుంది.

మొదటి పీరియడ్లో బోర్డు మీద మూడు వాక్యాలు రాయండి.

అ. యేసు మూడో రోజున సమాధి నుంచి లేచాడు.
ఆ. యేసు మూడో రోజున సమాధి నుంచి లేచాడట.
ఇ. యేసు మూడో రోజున సమాధి నుంచి లేచాడని క్రైస్తవులు నమ్ముతారు. ఈస్టర్ జరుపుకునేది అందుకే.

మొదటిది చర్చిలో చెప్పే వాక్యం. అక్కడ అది సరైనదే. రెండోది వెక్కిరింపు. మన భాషలో "అట" అన్న ఒక్క ముక్క చాలు, నేను నమ్మడం లేదని చెప్పడానికి. మూడోది బడిలో చెప్పే వాక్యం. ఎవరు నమ్ముతారో, ఆ నమ్మకం వల్ల ఏం చేస్తారో రెండూ అందులో ఉన్నాయి.

ఇప్పుడు పిల్లలతో ఇంకో మూడు వాక్యాలు ఇలాగే మార్పించండి. రాముడు శివధనుస్సు విరవడం, మహమ్మద్ ప్రవక్తకు దేవదూత ద్వారా ఖురాన్ అందడం, బుద్ధుడికి బోధి చెట్టు కింద జ్ఞానోదయం కావడం తీసుకోండి. అసలు పరీక్ష రాముడి వాక్యం దగ్గరే. మనలో ఎక్కువ మంది టీచర్లు హిందువులం. యేసు గురించి చెప్పేటప్పుడు "నమ్ముతారు" అని జాగ్రత్తగా అంటాం, రాముడి దగ్గరికి రాగానే "విరిచాడు" అని ముగిస్తాం. పిల్లలు దీన్ని బయటికి అనరు, కానీ గమనిస్తారు. మీరు క్రైస్తవులైతే, ముస్లింలైతే మీ వైపు ఇదే జారుడు ఉంటుంది. మీ ఇంటి నమ్మకాన్నే ముందుగా మూడో వాక్యంలో పెట్టి చూపించండి.

అన్నిటికీ "నమ్ముతారు" తగిలించక్కర్లేదు. మహమ్మద్ ప్రవక్త క్రీ.శ. 622లో మక్కా నుంచి మదీనాకు వలస వెళ్లడం చరిత్ర. హిజ్రీ శకం అక్కడి నుంచే లెక్క. ఖురాన్ దేవుని వాక్కు అనడం నమ్మకం. రోజుకు ఐదుసార్లు నమాజు ఆచారం. నోటుబుక్కులో చరిత్ర, నమ్మకం, ఆచారం అని మూడు గళ్ళు గీయించి, చదివిన ప్రతి విషయాన్నీ ఏదో ఒక గడిలో వేయమనండి.

ఇంకో రెండు చిన్న మాటలు. "మన పండుగలు, వాళ్ళ పండుగలు" అనకండి. క్లాసులో "మన" అంటే ఆ గదిలో ఉన్న పిల్లలందరూ. "హిందువుల పండుగ, ముస్లింల పండుగ" అని పేరుతోనే చెప్పండి. అలాగే ఒకరిని "వచ్చాడు", ఇంకొకరిని "వచ్చారు" అంటే పిల్లలకు వేరేలా వినపడుతుంది. దేవుణ్ణి, అమ్మను దగ్గరితనంతో "నువ్వు" అనడం మన భాషకు అలవాటే. అందుకే రాముడు, యేసు, బుద్ధుడు "చెప్పాడు" అంటే మనకు అగౌరవం అనిపించదు. ముస్లింలు మాత్రం ప్రవక్తను "వారు" అనే అంటారు. ఈ తేడాను మొదటి రోజే పిల్లలకు విప్పి చెప్పండి. లేదా అందరికీ "వచ్చారు, చెప్పారు" అనే చెప్పండి, కొంచెం కృతకంగా ఉన్నా నష్టం లేదు.

5. మన జిల్లా నుంచి మొదలుపెట్టండి

పుస్తకంలో పాలస్తీనా, అరేబియా, గయ ఉంటాయి. పిల్లలకు అవన్నీ దూరం. ముందు మ్యాపు మీద వాళ్ళు బస్సెక్కి పోగలిగిన చోట్లు పెట్టించండి.

నాగార్జునకొండ మొదటి చుక్క, అది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ వైపు ఉన్నా మనకు పక్కనే. ప్రాజెక్టు నీటిలో లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. దొరికినవాటిని ఇప్పుడు ద్వీపం మీదున్న మ్యూజియంలో పెట్టారు. ఇక్కడ పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. ఆయన సొంత చెల్లెలు శాంతిశ్రీ అదే లోయలో బౌద్ధ మహాచైత్యానికి దానాలు చేసింది. ఒకే ఇంట్లో అన్న యజ్ఞం చేశాడు, చెల్లెలు బౌద్ధాన్ని పోషించింది, దాదాపు 1700 ఏళ్ళ కిందట. అక్కడి శాసనంలో సింహళ విహారం ప్రస్తావన కూడా ఉంది. మ్యాపు మీద నాగార్జునకొండ నుంచి శ్రీలంకకు గీత గీయించండి. ప్రపంచ మతాలు అన్న మాటకు అర్థం ఆ గీతలో కనపడుతుంది.

మిగతా చుక్కలు త్వరగా పెట్టించవచ్చు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు, చెక్కిన తోరణం బయటపడ్డాయి. ఆలేరు దగ్గర కొలనుపాకలో జైన మందిరం ఉంది, అదే ఊళ్ళో వీరశైవులు పవిత్రంగా చూసే సోమేశ్వరాలయమూ ఉంది. జడ్చర్ల మండలం ఆల్వాన్‌పల్లి దగ్గర గొల్లత్తగుడి ఇటుకలతో కట్టిన పాత జైన ఆలయం. అలంపురంలో బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు. నల్లగొండ పట్నంలో లతీఫ్ సాహెబ్ గుట్ట మీద దర్గా. పాలకవీడు మండలం జాన్‌పహాడ్ దర్గాకు ఉర్సు రోజుల్లో అన్ని మతాల వాళ్ళు వెళ్తారు, మొక్కు తీర్చుకుని కందూరు విందు చేస్తారు. నల్లగొండలో 1890 ప్రాంతంలో మిషన్ పని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ సంఘానికి చెందినవాడు. ఆ సంఘం తర్వాత దేవరకొండ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ దాకా విస్తరించింది. రష్యా అనగానే పిల్లలు నోరు తెరుస్తారు. గీత అక్కడికీ గీయించండి.

హెచ్చరిక: దేవరకొండ వైపు తండాల పిల్లలు, అమ్రాబాద్ వైపు చెంచు పిల్లలు క్లాసులో ఉంటే వాళ్ళ సంప్రదాయాన్ని "ఇతరములు"లోకి తోయకండి. గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు ఆడపిల్లలు పాడుకునే తీజ్, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి, నల్లమల లోపల సలేశ్వరం జాతర కూడా ఇదే పాఠం. పోచమ్మ, మైసమ్మ కూడా.

6. అన్ని మతాలకూ ఒకే ప్రశ్నలు వేయండి

గైడ్లలో "స్థాపకుడు, గ్రంథం, పుణ్యక్షేత్రం" అని పట్టిక ఉంటుంది. దాన్ని వాడకండి. హిందూ మతానికి ఒక స్థాపకుడు లేడు, చెంచులకు ఒక గ్రంథం లేదు, జపాన్ షింటోకు కూడా స్థాపకుడు లేడు. ఆ గళ్ళు ఖాళీగా ఉంటే ఆ మతమే తక్కువన్నట్టు కనపడుతుంది. వీటిని అడగండి:

- ఎప్పుడు, ఎక్కడ కలుసుకుంటారు?
- ఏం తింటారు, ఏం తినరు, ఎప్పుడు ఉపవాసం ఉంటారు?
- బిడ్డ పుడితే, మనిషి పోతే ఏం చేస్తారు?
- ఏం చదువుతారు, ఏం పాడతారు, ఏ కథ చెప్పుకుంటారు?
- పక్కవాడికి సాయం గురించి ఏం చెబుతారు?
- వాళ్ళలో వాళ్ళకే తేడాలు ఎక్కడ ఉన్నాయి?

చివరి ప్రశ్న మానవద్దు. షియాలు, సున్నీలు, కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, ఆర్థడాక్సులు, దిగంబరులు, శ్వేతాంబరులు, శైవులు, వైష్ణవులు. ఒక మతం వాళ్ళందరూ ఒకేలా ఉంటారన్న అపోహ ఇక్కడే కరుగుతుంది.

యూదు, పార్సీ, సిక్కు మతాలకు మన ఊళ్ళలో మనుషులు దొరకరు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో గురుద్వారాలు, పార్సీల అగ్ని మందిరాలు ఉన్నాయి. కొచ్చిలో 1568లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరం ఉంది. ఫొటోలు చూపించి ఇవే ప్రశ్నలు వేయండి. ఒక పీరియడ్ చాలు.

7. క్యాలెండర్ పీరియడ్

ఆరింటిలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. లెక్కల సార్‌ను కూడా పిలవండి. బోర్డు మీద ఇవి రాయండి:

ఉగాది: 2023 మార్చి 22, 2024 ఏప్రిల్ 9, 2025 మార్చి 30
రంజాన్ పండుగ: 2023 ఏప్రిల్ 22, 2024 ఏప్రిల్ 11, 2025 మార్చి 31
ఈస్టర్: 2023 ఏప్రిల్ 9, 2024 మార్చి 31, 2025 ఏప్రిల్ 20
క్రిస్మస్: మూడేళ్ళూ డిసెంబరు 25

ఎందుకో చెప్పకండి, వాళ్ళనే వెతకనివ్వండి. రంజాన్ ఏటా 11 రోజులు వెనక్కి వస్తోందని ముందు ఎవరో ఒకరు పట్టుకుంటారు. చంద్రుడి ఏడాది సుమారు 354 రోజులు, సూర్యుడిది 365. తేడా 11. ఉగాది మాత్రం ఒక ఏడు 18 రోజులు ముందుకు పోయి, మరుసటి ఏడు 10 రోజులు వెనక్కి వచ్చింది. ఎందుకు? 2023 క్యాలెండర్లో అధిక శ్రావణం వెతకమనండి. దాదాపు మూడేళ్ళకొకసారి ఒక నెల కలిపి సూర్యుడితో సర్దుతారు. యూదులు కూడా 19 ఏళ్ళలో 7 నెలలు ఇలాగే కలుపుతారు. ముస్లింలు కలపరు, అందుకే రంజాన్ ఎండాకాలంలోనూ వస్తుంది, చలికాలంలోనూ వస్తుంది. ఈస్టర్ మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారం.

రంజాన్ మళ్ళీ ఇదే తేదీ ప్రాంతానికి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందని లెక్క ఇవ్వండి. 365ను 11తో భాగిస్తే 33 దగ్గరికి వస్తుంది. పిల్లలు తమ వయసుకు కూడుకుని "అప్పటికి నాకు నలభై ఐదు సార్" అంటారు. నెలవంక కనపడటాన్ని బట్టి తేదీ ఒక రోజు అటూ ఇటూ కావచ్చని చెప్పడం మరవకండి.

8. ప్రశ్నల డబ్బా

పేరు రాయకుండా చీటీ వేయమనండి. మీరు ఇంటికి తీసుకుపోయి చదివి, మర్నాడు జవాబులు చెప్పండి. క్లాసులోనే తెరవవద్దు, ఏ చీటీలో ఏముంటుందో తెలియదు. ఎక్కువగా వచ్చేవి ఇవి.

*ఏ మతం మంచిది సార్?* "దానికి మార్కులు వేసే పని బడిది కాదు. ఎవరు ఏం నమ్ముతారో సరిగ్గా తెలుసుకోవడం మన పని. మిగతాది మీ ఇంట్లో, మీరు పెద్దయ్యాక మీ మనసులో."

*దేవుడు ఉన్నాడా?* "ఉన్నాడనే వాళ్ళున్నారు, లేడనే వాళ్ళున్నారు. జైనులు, బౌద్ధులు సృష్టికర్త ఒకడున్నాడని చెప్పరు. గోరా, సరస్వతి గోరా 1940లో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు, అది తర్వాత విజయవాడకు మారింది. నమ్మకపోవడానికి కూడా హక్కుంది."

*చర్చిలో కూడా కులం చూస్తరా?* ఈ చీటీ వచ్చినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. ఎందుకంటే అడిగిన పిల్లవాడు చూసే అడుగుతాడు. తప్పించుకోకండి. "గ్రంథంలో ఉన్నది ఒకటి, ఊళ్ళో జరిగేది ఒకటి కావచ్చు. కులం మన దేశంలో అన్ని మతాల వాళ్ళ మధ్యకూ వచ్చింది. అంటరానితనం ఎక్కడ పాటించినా నేరమే, 17వ అధికరణం."

జోగినీల గురించి మహబూబ్‌నగర్ వైపు పిల్లలు అడుగుతారు. గౌరవంగా మాట్లాడటం అంటే తప్పును దాచడమని అర్థం కాదు. ఆడపిల్లను దేవుడి పేరుతో అలా వదిలేయడం 1988 చట్టం ప్రకారం నేరమని సూటిగా చెప్పండి. ఆ కుటుంబాల పిల్లలు క్లాసులో ఉండవచ్చు, అందుకని ఆ తల్లుల గురించి ఒక్క తక్కువ మాట కూడా రానీయకండి.

9. బయటికి తీసుకుపోవడం, బయటివాళ్ళను పిలవడం

తీసుకుపోతే నాగార్జునకొండ మ్యూజియం లేదా ఫణిగిరి ఎంచుకోండి. అవి చూసే చోట్లు, మొక్కే పని లేదు. లాంచీ వేళలు ముందు రోజే కనుక్కోండి. గుడికో దర్గాకో వెళ్తే ఇంటి నుంచి సంతకం తప్పనిసరి. లోపలికి రానన్న పిల్లవాడితో ఒక టీచర్ బయట ఉండాలి. గుడి ప్రసాదం, దర్గాలో ఇచ్చే తబర్రుక్ తీసుకోమని ఎవరినీ బలవంతం చేయవద్దు. తీసుకోనివాణ్ణి మిగతావాళ్ళు ఆటపట్టించకుండా చూడండి.

పూజారిని, మౌల్వీని, పాస్టర్‌ను క్లాసుకు పిలవాలా అని అడుగుతుంటారు. వద్దనే నా సలహా. వాళ్ళు ఎంత మంచివాళ్ళైనా వాళ్ళకు వచ్చింది మొదటి రకం వాక్యం. దానికి బదులు పిల్లలను ఇంట్లో నాయనమ్మను, తాతను ఇంటర్వ్యూ చేసి రమ్మనండి: "నీ చిన్నప్పుడు మన ఊళ్ళో పీర్ల పండుగ ఎట్ల చేసేవాళ్ళు?" ఈ ఒక్క ప్రశ్నకు నాకు వచ్చినన్ని మంచి నోటుబుక్కులు ఏ ప్రాజెక్టుకూ రాలేదు.

తరచుగా జరిగే తప్పులు

మహమ్మద్ ప్రవక్తను ముస్లింల దేవుడు అనడం. ముస్లింలకు దేవుడు అల్లాహ్ ఒక్కడే, మహమ్మద్ ఆయన ప్రవక్త. ప్రవక్త బొమ్మ గీయమని ప్రాజెక్టు ఎప్పుడూ ఇవ్వవద్దు. చాలామంది ముస్లింలకు అది చాలా బాధ కలిగిస్తుంది. మసీదు, నెలవంక, అందమైన అరబిక్ రాత గీయమనవచ్చు.

జైన మతాన్ని మహావీరుడు స్థాపించాడనడం. జైనుల లెక్కలో ఆయన 24వ తీర్థంకరుడు.

బుద్ధుడు విష్ణువు అవతారం అని ముగించడం. కొన్ని హిందూ పురాణాలు అలా చెబుతాయి, బౌద్ధులు అలా అనుకోరు. రెండు వాక్యాలూ చెప్పండి. సిక్కు మతాన్ని హిందూ మతంలో ఒక శాఖ అనడం కూడా ఇలాంటి తప్పే.

పార్సీలు అగ్నిని దేవుడిగా పూజిస్తారనడం. అగ్ని వాళ్ళకు పవిత్ర చిహ్నం, వాళ్ళ దేవుడి పేరు అహుర మజ్దా.

క్రైస్తవం ఇంగ్లీషువాళ్ళతో వచ్చిందనడం. క్రీ.శ. 52లో తోమా వచ్చాడని కేరళ క్రైస్తవులు నమ్ముతారు. ఇంగ్లీషువాళ్ళు రావడానికి వందల ఏళ్ళ ముందే అక్కడ క్రైస్తవులున్నారు.

పీర్ల పండుగ దగ్గర అందరూ తడబడతారు. మన ఊళ్ళో అలాయి గుండం చుట్టూ హిందువులు, ముస్లింలు కలిసి ఆడతారు, డప్పులు మోగుతాయి. కానీ మొహర్రం పదో రోజు క్రీ.శ. 680లో కర్బలాలో ఇమామ్ హుసేన్ చనిపోయిన రోజు, షియాలకు అది శోకదినం. పీర్లను నిలపడాన్ని ఒప్పుకోని ముస్లింలూ చాలామంది ఉన్నారు. ఈ మూడూ నిజమే. మూడింటినీ చెప్పండి, ఏది అసలైనదో మీరు తేల్చవద్దు.

ఎవరైనా వచ్చి అడిగితే

వాదన పెట్టుకోకండి. కూర్చోబెట్టి నీళ్ళివ్వండి. పుస్తకంలో పేజీ, హెచ్ఎం సంతకం, పిల్లల నోటుబుక్కు ఈ వరసలో చూపించండి. "మీరు విన్న మాట ఏమిటన్నా?" అని అడిగి ఆ వాక్యాన్నే రాసుకోండి. చాలాసార్లు ఇంటికి చేరేసరికి "నమ్ముతారు" అన్న మాట రాలిపోయి ఉంటుంది. తప్పు మీదే అయితే ఒప్పుకుని మర్నాడు క్లాసులో సరిచేయండి. వాట్సాప్‌లో జవాబు రాయకండి.

పాఠం సరిగ్గా వెళ్ళిందా లేదా, ఎలా తెలుస్తుంది

నోటుబుక్కులు ఐదు తీయండి. ఒక్కోదాంట్లో మతం గురించి రాసిన పది వాక్యాలు లెక్కపెట్టండి. ఎనిమిదింటిలో ఎవరి నమ్మకమో స్పష్టంగా ఉంటే సరిపోయింది. తక్కువైతే నాలుగో మెట్టు మళ్ళీ చేయాలి. సొంత మతం గురించి రాసిన వాక్యాలను ప్రత్యేకంగా చూడండి.

ఎఫ్ఏ (ఫార్మేటివ్) పరీక్షలో "ఇస్లాం ఐదు స్తంభాలు రాయుము" లాంటి ప్రశ్న బట్టీని పరీక్షిస్తుంది. బదులుగా ఇది ఇవ్వండి: "కింది వాక్యాన్ని బడిలో చెప్పే వాక్యంగా మార్చుము." ఇంకోటి: "మీ మిత్రుడు రోజా ఉన్నాడు. మధ్యాహ్న భోజనం వేళ, పీఈటీ పీరియడ్లో మీరు ఏం చేస్తారు, ఎందుకు?" అయ్యప్ప మాల వేసుకున్న మిత్రుడి గురించీ ఇదే ప్రశ్న ఇవ్వవచ్చు.

మీ పాఠాన్ని మీరే సరిచూసుకోవడానికి ఒక దారుంది. ఫోన్లో మీ ఒక పీరియడ్ ఆడియో రికార్డు చేసుకుని రాత్రి వినండి. ఇస్లాం గురించి చెప్పిన పది నిమిషాలు వింటున్నప్పుడు ఆ ఊరి మౌల్వీ పక్కన కూర్చున్నాడనుకోండి. హిందూ మతం గురించి చెప్పినది వింటున్నప్పుడు పక్కన చర్చి పాస్టర్ ఉన్నాడనుకోండి. ఎక్కడ మీకు గొంతు సర్దుకోవాలనిపిస్తుందో ఆ నిమిషం రాసుకుని, మర్నాడు పీరియడ్ మొదట్లోనే ఆ వాక్యాన్ని మళ్ళీ చెప్పండి.

నెల తర్వాత ప్రశ్నల డబ్బా ఇంకోసారి తిప్పండి. మొదటిసారి చీటీల్లో "వాళ్ళు ఎందుకు అట్ల చేస్తరు" అని వచ్చేది. పాఠం పట్టుబడితే అదే ప్రశ్న "రోజాలో నీళ్ళు కూడా తాగరు కదా సార్, పొలం పనికి పోయేవాళ్ళు ఎట్ల ఉంటరు?" అని వస్తుంది.